హిచ్‌హైకర్స్ ఐదో పుస్తకం: తిట్టేవాళ్ళూ మెచ్చుకునేవాళ్ళూ చూపించేది ఒకే పేజీ

మీరు అడిగింది కుదించి చెప్పుకుంటే ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో నెలకోసారి కలిసి చదువుకునే పన్నెండు మంది. డగ్లస్ ఆడమ్స్ రాసిన 'హిచ్‌హైకర్స్' అనే సైన్స్ ఫిక్షన్ హాస్య నవలల వరసలో మొదటి నాలుగు పుస్తకాలూ పోటీలు పడి చదివారు. ఐదోది, 'మోస్ట్లీ హార్మ్‌లెస్' దగ్గర బండి ఆగిపోయింది. సగం మంది మధ్యలో వదిలేశారు. ఇద్దరు "అన్నిటికన్నా ఇదే గొప్పది" అంటున్నారు. ఒకావిడ "ఎందుకు చదివానా అనిపించింది" అన్నారు. వచ్చే ఆదివారం దాని మీద చర్చ. పుస్తకమే బాగాలేదా, మాకే ఎక్కలేదా, ఆరోది కూడా తెప్పించుకోవాలా అని మీ సందేహం.

పుస్తకం బాగానే ఉంది. మీవాళ్ళ కోపమూ న్యాయమైనదే. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. మొదటి నాలుగు పుస్తకాలూ చదివేవాడికి నోటితో చెప్పకుండా ఒక మాట ఇచ్చాయి: ఇక్కడ ఏం పేలినా, ఎవరు పోయినా నీకు నొప్పి తగలదు, నవ్వుకో. ఐదోది ఆ మాట తప్పింది, అదీ తెలిసి తెలిసి. ఆ తప్పడమే గొప్ప అనుకున్నవాళ్ళు మెచ్చుకుంటారు, మాట నమ్మి వచ్చినవాళ్ళు తిడతారు. అందుకే ఇద్దరినీ పేజీ చూపించమంటే ఒకే పేజీ చూపిస్తారు. ఆరోది తప్పనిసరి కాదు, దాని సంగతి చివర్లో చెప్తాను. చర్చ మాత్రం మానుకోకండి. ఈ వరసలో కూర్చుని వాదించుకోవడానికి సరుకున్నది ఇదొక్కటే. మొదటి పుస్తకం మీద చర్చ పెడితే ఒకరికొకరు జోకులు అప్పజెప్పుకుని టీ తాగి ఇంటికెళ్తారు.

ఇక్కడి నుంచి కథలో సంగతులు వస్తాయి. ఆఖరి అధ్యాయంలో ఏమవుతుందో మాత్రం చెప్పను, కాబట్టి వదిలేసినవాళ్ళు కూడా భయం లేకుండా చదవొచ్చు.

ముందు తేదీలు చూడండి. ఇది పుస్తకంగా పుట్టిన కథ కాదు. 1978 మార్చి 8న బీబీసీ రేడియో 4లో నాటకంగా మొదలైంది. మొదటి పుస్తకం 1979లో, రెండోది 1980లో, మూడోది 1982లో, నాలుగోది 1984లో వచ్చాయి. ఐదోది 1992లో. అంటే నాలుగుకీ ఐదుకీ మధ్య ఎనిమిదేళ్ళు. 1984లో చదివినవాళ్ళు కథానాయకుడు ఆర్థర్, నాలుగోదానిలో అతను ప్రేమించిన ఫెన్‌చర్చ్, ఈ జంటను మనసులో ఎనిమిదేళ్ళు కాపురం చేయించారు. మీవాళ్ళు ఐదూ కలిపి కుట్టిన లావుపాటి సంకలనంలో చదివారనుకుంటాను. వాళ్ళకు నాలుగో పుస్తకం ముగిసిన రాత్రే ఐదోది మొదలైంది. మొదటివాళ్ళది ఆశ పెట్టుకుని మోసపోయిన బాధ, రెండోవాళ్ళది స్పీడు మీదున్న బస్సుకు ఒక్కసారిగా బ్రేకు పడిన దెబ్బ. నెట్‌లో పాఠకుల స్పందనలు చదివేటప్పుడు ఈ రెండూ కలగాపులగంగా ఉంటాయి. రాసినవాళ్ళు ఏ విరామంతో చదివారో ముందు పట్టుకోండి. అది తెలియకుండా రేటింగు చుక్కలు లెక్కపెట్టి లాభం లేదు. అభిమాని కోపంతో ఇచ్చిన రెండు చుక్కలూ, విసుగొచ్చినవాడు ఇచ్చిన రెండు చుక్కలూ చూడటానికి ఒకేలా ఉంటాయి.

ఇంకోటి. "తర్వాతి భాగం పడిపోయింది" అనే గొణుగుడు ఐదోదానితో మొదలు కాలేదు. మూడోదాన్ని ఆడమ్స్ అంతకుముందు బీబీసీ టీవీ సీరియల్ 'డాక్టర్ హూ' కోసం అనుకుని, తెర మీదకు రాని ఒక కథ నుంచి తయారు చేసుకున్నాడు. అందుకే అందులో కథ పరుగు ఎక్కువ, తీరిగ్గా తిరిగే జోకులు తక్కువ. లార్డ్స్ మైదానంలోకి తెల్ల రోబోలు దిగి యాషెస్ ఎత్తుకుపోవడం మన క్రికెట్ పిచ్చివాళ్ళకు పండగే గానీ, క్రికెట్ తెలియని అమెరికన్ పాఠకుడికి ఆ పుస్తకంలో సగం గోడకు చెప్పినట్టే. నాలుగోది గడువులు దాటి దాటి, చివరికి ఎడిటర్ హోటల్ గదిలో పక్కన కూర్చుని రాయించుకున్నది. ఆకాశంలో తిరగాల్సిన కథ భూమ్మీద ప్రేమకథైపోయిందని దాన్నీ తిట్టారు. మీవాళ్ళు మూడు, నాలుగు కూడా నవ్వుతూ చదివారంటే వాళ్ళు మొండి అభిమానులు కారు, ఓర్పున్న పాఠకులు. వాళ్ళు ఐదోదాని దగ్గర ఆగారంటే కారణం చూడాల్సిందే.

ఆ ఇచ్చిన మాట ఏమిటో రెండు చోట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే తేలిగ్గా తెలుస్తుంది.

మొదటి చోటు, మొదటి పుస్తకంలో. భూమిని వోగాన్లనే గ్రహాంతరవాసులు అంతరిక్ష బైపాస్ కోసం కూల్చేశారు. ఆర్థర్ వోగాన్ల ఓడలో కూర్చుని భూమి లేదన్న సంగతిని బుర్రకు ఎక్కించుకోవాలని చూస్తాడు. అమ్మానాన్నలు, చెల్లెలు పోయారనుకుంటాడు, ఏమీ అనిపించదు. ఇంగ్లండు లేదనుకుంటాడు. న్యూయార్కు లేదనుకుంటాడు. అది ఉందని ఎప్పుడూ గట్టిగా నమ్మలేదు కాబట్టి దానికీ చలనం లేదు. ఇలా ఒక్కొక్కటీ దాటుకుంటూ వచ్చి, ఇక మెక్‌డొనాల్డ్స్ హాంబర్గర్ అనేది ఉండదు అన్న ఆలోచన రాగానే కళ్ళు తిరిగి పడిపోతాడు. లేచేసరికి అమ్మ కోసం ఏడుస్తుంటాడు. గమనించండి, ఏడుపు అక్కడ ఉంది. కానీ ఒక్క వాక్యం. దాని ముందు హాంబర్గర్ నిలబడి ఉంది కాబట్టి మనం నవ్వేసి పేజీ తిప్పేస్తాం. వెంటనే కొత్త గొడవ మొదలవుతుంది. దుఃఖాన్ని పదార్థంలో ఉప్పు వేసినట్టు చిటికెడే వేశాడు.

రెండో చోటు ఐదో పుస్తకంలో. ఆర్థర్ పక్క సీట్లో ఫెన్‌చర్చ్ కూర్చుని ఉంటుంది. ఓడ మామూలుగా హైపర్‌స్పేస్‌లో ఒక గెంతు గెంతుతుంది. తిరిగి చూస్తే ఆమె లేదు. సీటు వెచ్చగా కూడా లేదు. ప్రయాణికుల జాబితాలో పేరు కూడా లేదు. ఆర్థర్ ఫిర్యాదు చేస్తే ఓడ కంపెనీవాళ్ళు ముందు కేసు పెడతాడేమోనని జంకుతారు. తామిద్దరిదీ గెలాక్సీలో ఏ ప్రాంతమో ఆర్థర్ చెప్పగానే ఊపిరి పీల్చుకుని టికెట్ మీది షరతు చూపిస్తారు: బహుళ మండలాల్లో పుట్టినవాళ్ళు హైపర్‌స్పేస్ ప్రయాణం చేయకపోవడం మంచిది, చేస్తే వాళ్ళదే పూచీ. అంతే. నాలుగో పుస్తకమంతా నడిపిన ప్రేమకథ ఒక షరతు కింద కొట్టుకుపోయింది.

జోకు యంత్రం రెండుచోట్లా అదే: పెద్ద విషాదానికి ఎదురుగా చిల్లర ఆఫీసు వ్యవహారం. తేడా తరవాత వచ్చేదానిలో ఉంది. మొదటి పుస్తకంలో ఆ ఏడుపును దాటి కథ పరుగెత్తింది. ఐదోదానిలో ఆర్థర్ ఆ ఖాళీ సీటును వెంటేసుకునే తిరుగుతాడు. ఏ గ్రహానికి వెళ్ళినా తన ఇల్లు కాదనే బరువుతోనే ఉంటాడు. 1979లో పేలిన భూమికి ఏడుపు 1992లో వచ్చిందన్నమాట. నా లెక్కలో పుస్తకం బలమూ ఇదే, మీ సభ్యురాలి బాధకు మూలమూ ఇదే.

పేరు కూడా అదే చెబుతుంది. మొదటి పుస్తకంలో గైడ్‌లో, అంటే కథలోని గెలాక్సీ యాత్రికుల పుస్తకంలో, భూమి గురించి ఉన్నది ఒక్కటే మాట, హాని చేయనిది అని. గైడ్‌కు రాసే ఫోర్డ్ ప్రిఫెక్ట్, ఆర్థర్ స్నేహితుడు, పదిహేనేళ్ళు ఇక్కడ ఇరుక్కుపోయి పరిశోధన చేస్తే అది "చాలావరకు హాని చేయనిది"గా మారింది. అప్పుడది నవ్వు. ఐదో పుస్తకం అట్ట మీదకు ఎక్కేసరికి "చాలావరకు" అన్న మాటలో మిగిలిపోయిన కొంచెం హాని ఏమిటో మూడొందల పేజీల లోపే చూపిస్తాడు.

మీవాళ్ళలో సగం మంది మధ్యలో వదిలేశారన్నది మాత్రం వేరే సమస్య, దాన్ని బాధతో కలపకండి. అది లయ తేడా. మొదటి రెండు పుస్తకాలు రేడియో నుంచి వచ్చినవి, కాబట్టి పేరాకొక చమక్కు ఉంటుంది. రేడియోలో నిమిషం పాటు నవ్వు రాకపోతే వినేవాడు స్టేషన్ మార్చేస్తాడు. ఐదోది మొదటి నుంచీ పుస్తకంగానే రాసింది. నవ్వు ఒక్కోసారి అధ్యాయం మొత్తం మీద నెమ్మదిగా పేరుకుంటుంది. పాత వేగంతో పరుగెత్తుతూ చదివితే ఆ నవ్వు తగలదు.

దీనికి మంచి నమూనా శాండ్‌విచ్ అధ్యాయం. ఆర్థర్ లామ్యుయెల్లా అనే వెనకబడిన గ్రహం మీద దిగబడతాడు. భూమి నుంచి వచ్చాడు కదా, కంప్యూటర్లో కార్లో చేసి చూపిస్తాడనుకుంటే ఒక్కటీ చేతకాదు. చేతనైంది ఒక్కటే, శాండ్‌విచ్ చేయడం. ఊళ్ళోవాళ్ళు నెత్తిన పెట్టుకుంటారు. ఇక్కడ ఆడమ్స్ ఆగి పనితనం చూపిస్తాడు. మాంసం కోయడానికి కత్తులు ఎలా ఉండాలో పనిముట్లు చేసేవాడితో గంటల తరబడి కూర్చుని తేల్చుకోవడం, ఏ కోతకు ఏ బరువు, ఎంత వంపు, రొట్టె కొలతలు కాల్చేవాడితో మాట్లాడి కుదుర్చుకోవడం, ముక్క మీద ముక్క పెట్టే తీరు. మొదటి నాలుగు పుస్తకాల్లో ఆర్థర్ ఏ పనీ ఇంత శ్రద్ధగా చేయలేదు. అతను సుఖంగా ఉన్నది కూడా ఇక్కడే. నవ్వు ఎక్కడంటే, విశ్వమంతా తిరిగినవాడికి దొరికిన మోక్షం శాండ్‌విచ్. మన ఇళ్ళలో రోటి పచ్చడి నూరేటప్పుడు ఏది ముందు వేయాలో, ఏది కచ్చాపచ్చాగా ఉంచాలో తెలిసిన పెద్దవాళ్ళు ఈ అధ్యాయం చదివితే ఇందులో నవ్వడానికేముంది, ఉన్నమాటేగా అంటారు. వాళ్ళే సరైన పాఠకులు.

దీన్ని చర్చలో చదివి వినిపించండి, రెండు పేజీలు చాలు. గొంతు పెంచి నటించకండి, వంట చెప్పినట్టు మామూలుగా చదవాలి. నటిస్తే చచ్చిపోతుంది.

మెచ్చుకునే ఇద్దరూ బహుశా గైడ్ ఆఫీసు భాగాన్ని చూపిస్తారు, చూపించాలి కూడా. గైడ్‌ను ఇన్ఫినీడిమ్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ కొనేస్తుంది. పాత గైడ్ రాసేవాళ్ళు తాగుబోతులూ సోమరులూ అయినా ఊళ్ళు తిరిగి రాసేవాళ్ళు. కొత్త యాజమాన్యానికి రాయడంతో పనిలేదు. రెండో తరం గైడ్ ఒక్కటి తయారుచేసి, అన్ని సమాంతర విశ్వాల్లోనూ ఒకేసారి అమ్ముకోవాలన్నది ఎత్తు. ఒకే కొబ్బరికాయను వెయ్యి గోత్రాల పేరు మీద కొట్టి వెయ్యి టికెట్లు చింపడం లాంటి వ్యాపారం. ఫోర్డ్ గాలి గొట్టంలోంచి పాకుతూ లోపలికి దూరడం, కాపలా రోబో తీగలు మార్చి దానికి ఎప్పుడూ ఆనందంగానే ఉండేలా చేయడం, ఇవన్నీ పాత ఆడమ్సే. 1992లో రాసింది, ఇవాళ ఏ ఆఫీసులో పనిచేసేవాళ్ళకైనా నిన్న రాసినట్టుంటుంది. వదిలేసినవాళ్ళను మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవమనకండి. ఫోర్డ్ ఆఫీసులోకి దూరే చోటి నుంచి పట్టుకోమనండి. చాలామందికి అక్కడ బండి మళ్ళీ కదులుతుంది.

మిగతా ఫిర్యాదులు తొందరగా. గెలాక్సీ మాజీ అధ్యక్షుడు జేఫాడ్ కనిపించడు, నిజమే. దిగులు రోబో మార్విన్ లేడు, వాడి కథ నాలుగోదానిలోనే ముగిసింది. ఇద్దరు ట్రిలియన్లు ఉండటం గందరగోళం: ఒకామె జేఫాడ్‌తో వెళ్ళింది, ఇంకో విశ్వంలో ఆమే వెళ్ళకుండా భూమ్మీద ఉండిపోయి టీవీలో చేరింది. ఓడ ఎక్కని ఆమెను ట్రిషియా అనీ, ఎక్కినామెను ట్రిలియన్ అనీ పెన్సిల్‌తో అధ్యాయం మొదట్లో రాసుకుంటే తిప్పలు ఉండవు. అంత చిన్న సాయం చాలు, చేసుకోనివాళ్ళే మూడో అధ్యాయంలో తప్పిపోతారు.

రాండమ్ విషయంలో మాత్రం నేను తిట్టేవాళ్ళ పక్షం కాదు. ఆర్థర్ ప్రయాణ ఖర్చుల కోసం దాతగా ఇచ్చిన వీర్యంతో, అతనికి తెలియకుండా ట్రిలియన్‌కు పుట్టిన కూతురు. కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగే ఓడల్లో పెరిగింది. ఫలానా ఊరు నాది అనడానికి లేదు. ఒకరోజు తల్లి తెచ్చి ఆర్థర్ చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. అరుస్తుంది, విసిరికొడుతుంది, పారిపోతుంది. "నవ్వుకుందామని తెరిస్తే ఈ పిల్ల గోల ఏమిటి" అన్నది ఎక్కువగా వినిపించే మాట. కానీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలున్నవాళ్ళకు ఆ సంభాషణలు అతిగా అనిపించవు. హాస్య నవలలో ఇంత నిజమైన కోపం ఎందుకూ అంటే, ఇల్లు లేకపోవడం అనే జోకును ఆర్థర్ నాలుగు పుస్తకాల పాటు మోశాడు. ఈ పిల్ల దాన్ని జోకుగా తీసుకోదు. అంతే తేడా.

ముగింపు "హఠాత్తుగా ఊడిపడింది" అన్నవాళ్ళ పుస్తకాలు తీసి చూడండి, మూడోదాంట్లో ఆగ్రజాగ్ అధ్యాయం మర్చిపోయి ఉంటారు. ఏ జన్మ ఎత్తినా ఆర్థర్ చేతిలోనే చచ్చే పాపిష్టి జీవి అది. ఆ చావుల చిట్టా అప్పజెపుతూ స్టావ్రోమ్యులా బీటా అనే పేరు పలుకుతుంది. ఆర్థర్ ఇంకా అక్కడికి వెళ్ళనే లేదు. కాబట్టి అక్కడికి వెళ్ళేదాకా తనకు చావు లేదని ఐదో పుస్తకంలో ధైర్యంగా తిరుగుతాడు. ఆ పేరు మీద ఓ కన్నేసి ఉంచండి, అంతకు మించి చెప్పను. ఆదివారానికి ముందు అందరినీ మూడోదాంట్లో ఆ ఒక్క అధ్యాయం మళ్ళీ చదవమనండి, అరగంట పని. అది చదివి కూడా ముగింపు నచ్చలేదంటే అది అభిప్రాయం. చదవకుండా అంటే మతిమరుపు.

మనవాళ్ళకు ఇది కొత్త అనుభవమేమీ కాదు. 'బారిష్టర్ పార్వతీశం' గుర్తు చేసుకోండి. మూడు భాగాలు. మొగల్తూరు నుంచి లండను దాకా నవ్వించిన మొదటి భాగం అందరికీ నోటికొచ్చు. మిగతా రెండూ చాలా ఏళ్ళ తరవాత వచ్చాయి. మూడో భాగానికి పార్వతీశం ఇండియా తిరిగొచ్చి సంసారం, ప్రాక్టీసు, స్వాతంత్ర్యోద్యమం దాకా వెళ్ళాడు. "మొదటిదాంట్లో ఉన్న నవ్వు ఏదీ" అని ఇప్పటికీ అడుగుతారు. ఓడలో తెలియక తప్పులు చేసే కుర్రాణ్ణి చూసి నవ్వొచ్చు, లోకం తెలిసిన నడివయసువాణ్ణి చూసి అదే నవ్వు రాదు. పాత్ర ఎదిగితే హాస్యం తగ్గుతుంది, ఎదగకపోతే పాతబడుతుంది. ఏ హాస్య వరసకైనా తర్వాతి భాగంలో ఎదురయ్యే ఇరకాటం ఇదే. మీ బృందంలో పెద్దవాళ్ళుంటే ఈ పోలికతో చర్చ మొదలుపెట్టండి, ఆడమ్స్ చదవనివాళ్ళు కూడా నోరు విప్పుతారు.

ఇక ఆదివారం నడిపే పద్ధతి. పన్నెండు మందికి గంటన్నర అనుకుందాం.

ముందు మాట్లాడనివ్వకండి. అందరికీ తలా ఒక చీటీ ఇచ్చి పది నిమిషాలు రాయమనండి. మూడే ప్రశ్నలు: ఎక్కడ గట్టిగా నవ్వారు, ఎక్కడ పుస్తకం మూసేయాలనిపించింది, ఎవరు మళ్ళీ వస్తారని ఎదురుచూశారు. పేరు రాయక్కర్లేదు. ఎందుకంటే గుండ్రంగా కూర్చున్నచోట మొదట గట్టిగా మాట్లాడినవాళ్ళ అభిప్రాయం మిగతా అందరి మీదా పడుతుంది. "చెత్త" అన్నది మొదట వినిపిస్తే నచ్చినవాళ్ళు గొంతు తగ్గిస్తారు, "మహాద్భుతం" అన్నది వినిపిస్తే అర్థం కానివాళ్ళు తల ఊపుతారు. తరవాత ఓ పావుగంట మీరే చీటీలు చదవండి. ఒక్క చోటు నవ్వు ప్రశ్న కిందా, మూసేయాలనిపించిన ప్రశ్న కిందా రెండింటిలోనూ వస్తే పక్కన పెట్టుకోండి. చర్చ ఉన్నది అక్కడే. నా అంచనా, అది ఫెన్‌చర్చ్ సీటు దగ్గరో శాండ్‌విచ్ దగ్గరో వస్తుంది. రెండింటికీ ఇరవై ఐదేసి నిమిషాలు ఉంచండి. ఆఖరి పావుగంట ముగింపు కోసం. చదవనివాళ్ళను అప్పుడు టీకి పంపేయండి, మొహమాటపడకండి.

పేజీ నంబర్లు అడగొద్దు. ఒకరి దగ్గర విడి పుస్తకం, ఒకరి దగ్గర సంకలనం, ఒకరి దగ్గర ఫోనులో ఉంటుంది, వెతుక్కోవడంలోనే సగం సమయం పోతుంది. అధ్యాయం నంబరు, పేరా మొదటి రెండు మాటలు రాసుకు రమ్మనండి.

జోకుల్ని తెలుగులో చెప్పుకోవాల్సి వస్తుంది, అప్పుడో చిన్న సంగతి. ఆడమ్స్ నవ్వును వాక్యం తోకలో దాస్తాడు. మొదటి పుస్తకంలో వోగాన్ల ఓడలు గాల్లో నిలబడ్డాయి, అచ్చం ఇటుకలు నిలబడనట్టుగా అనే చోట నవ్వంతా ఆ చివరి వ్యతిరేకంలో ఉంది. తెలుగుకు ఇక్కడ అదృష్టం ఉంది: మన వ్యతిరేకం క్రియలోనే కలిసి వాక్యం చివరికే వస్తుంది. కాబట్టి ముందు కారణం చెప్పి తరవాత ఫలితం చెప్పే అలవాటు మానేసి, ఆ చివరి క్రియ దాకా ఓపిగ్గా లాక్కెళ్తే నవ్వు దక్కుతుంది. వివరించడం మొదలుపెట్టారా, పోయినట్టే. కొన్ని జోకులకు వివరణ అక్కర్లేదు కూడా. ఆర్థర్ ఇల్లు బైపాస్‌కు అడ్డమని బుల్డోజర్ రావడం, దాని నోటీసు మనిషన్నవాడు వెళ్ళని చోట పెట్టి ఉండటం, రోడ్డు విస్తరణకు గోడ మీద ఎర్ర గీత పడిన ఇంట్లో చదివితే అది సైన్స్ ఫిక్షనే కాదు.

ఆరో పుస్తకం సంగతి. ఐదోది మరీ చీకటిగా ఉందని ఆడమ్సే ఒప్పుకున్నాడు. అది రాసినప్పుడు సొంత జీవితంలో గడ్డు రోజులని, వరసను కాస్త వెలుతురుగా ముగించడానికి ఆరోది రాయాలనుందని చెప్పాడు. ఆ పని జరగకుండానే 2001 మే 11న, 49 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. మెచ్చుకునే ఇద్దరికీ ఈ విషయం చర్చ మొదట్లో చెప్పకండి, వాళ్ళ వాదన నీరుగారుతుంది. రాసినవాడు చింతించాడని పుస్తకం చెడ్డదైపోదు. ఆఖర్లో చెప్పండి.

2009 అక్టోబర్ 12న, మొదటి పుస్తకానికి సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు, ఆడమ్స్ భార్య అనుమతితో ఐరిష్ రచయిత ఓయెన్ కోల్ఫర్ రాసిన ఆరో పుస్తకం 'అండ్ అనదర్ థింగ్...' వచ్చింది. జేఫాడ్ తిరిగొస్తాడు, మార్విన్ రాడు. కథ బోలెడు. దాని మీద వచ్చే ఫిర్యాదు వేరే రకం: గైడ్ నుంచి తీసినట్టుగా మధ్యమధ్యలో పెట్టిన గమనికలు మరీ ఎక్కువై, కథ నడుస్తుంటే భుజం తట్టి ఆపుతూ ఉంటాయి. ఆడమ్స్ కూడా గైడ్ మాటలు పెట్టాడు, కానీ అవి కథను ముందుకు తోసేవి. ఐదోదాని బాధ తగ్గించుకోవడానికి ఇది కొంటే రెండో బాధ మొదలవుతుంది. ఒక్క ప్రతి తెప్పించి చేతులు మారుస్తూ చదువుకోండి, పన్నెండు కొనక్కర్లేదు.

బాధపడ్డ ఆవిడకు నేను చెప్పే మందు వేరు. రేడియోకి వెళ్ళండి. మూడు, నాలుగు, ఐదు పుస్తకాలను రేడియో దర్శకుడు డర్క్ మాగ్స్ 2004, 2005లలో బీబీసీ రేడియో 4కి నాటకాలుగా చేశాడు. ఐదోదాని నాటకంలో పుస్తకం ముగింపు దగ్గర ఆపకుండా ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళాడు. ఎవరు ఎవరిని కలుస్తారో చెప్పను గానీ, డాల్ఫిన్లకు పని పడుతుంది, రెండో పుస్తకంలోని రెస్టారెంటు మళ్ళీ తలుపు తెరుస్తుంది. ఆడమ్స్ కోరుకున్న వెలుతురు అక్కడ ఉంది. మూడోదాని నాటకంలో ఆగ్రజాగ్ గొంతు కూడా శ్రద్ధగా వినండి, అది ఆడమ్స్‌దే. బతికి ఉండగా రికార్డు చేసినదాన్ని వాడుకున్నారు. ఐదోదాని నాటకం మాత్రం పుస్తకం పూర్తి చేశాకే వినాలి సుమా. ముందే వింటే పుస్తకం ముగింపు పొరపాటులా అనిపిస్తుంది.

జేఫాడ్ లేడని అలిగినవాళ్ళకు ఒకటుంది. 1986లో వచ్చిన 'యంగ్ జేఫాడ్ ప్లేస్ ఇట్ సేఫ్' అనే చిన్న కథ. కొన్ని సంకలనాల్లో కలిపి వేశారు, మీ లావు పుస్తకంలో విషయసూచిక చూడండి. ఒక్క పూటలో అయిపోతుంది. ఐదోదానికి ముందు చదివినా వెనక చదివినా తేడా లేదు, ఆదివారం టీకి లేచినప్పుడు వాళ్ళ చేతిలో పెట్టండి.